తెలుగు మీదుగా జపనీస్: ఉద్యోగానికి, వ్యాపారానికి పనికొచ్చేలా నేర్చుకోవడం

జపనీస్ మొదలుపెట్టిన నాలుగైదు నెలలకు పాఠంలో ‘తబెతె మిరు’ అనే ప్రయోగం వస్తుంది. ‘తబెతె’ అంటే తిని, ‘మిరు’ అంటే చూడడం. ఇంగ్లీషులో రాసిన పాఠ్యపుస్తకానికి దీన్ని వివరించడానికి అరపేజీ పడుతుంది: ఒక పని చేస్తే ఎలా ఉంటుందో తెలుసుకోదలచినప్పుడు, ఆ పనిని సూచించే క్రియను ఫలానా రూపంలోకి మార్చి, దాని పక్కన ‘చూచు’ అనే అర్థంగల క్రియను చేర్చాలని చెబుతుంది. ‘కాస్త తిని చూడు, ఉప్పు సరిపోయిందో లేదో’ అనే మాట వంటింట్లో వింటూ పెరిగిన వారికి ఆ అరపేజీతో పనిలేదు. అయినా మన విద్యార్థులు ఆ నియమాన్ని ఇంగ్లీషులోనే చదివి, ఇంగ్లీషులోనే కంఠస్థం చేసి, పరీక్షలో తడబడడం నేను చాలాసార్లు చూశాను. మొదట్లో నేనూ అలాగే చదివాను. ఇంటి తలుపు తెరిచే ఉండగా ఊరంతా చుట్టి పెరటి గోడ దూకినట్లు ఉంటుంది ఆ చదువు.

కాబట్టి ఈ వ్యాసంలో చెప్పదలచినది ప్రధానంగా ఒకటే. జపనీస్‌ను ఇంగ్లీషు ద్వారా కాకుండా నేరుగా తెలుగు నుంచి నేర్చుకుంటే వ్యాకరణంలో సగం శ్రమ తగ్గుతుంది. అలా మిగిలిన సమయాన్ని నిజంగా కష్టమైన రెండు విషయాల మీద, అంటే చిత్రలిపి మీద, మన వృత్తికి సంబంధించిన మాటల మీద ఖర్చుపెట్టవచ్చు. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ జపనీస్‌కు సుమారు 2,200 తరగతి గంటలు పడతాయని లెక్కగట్టింది. ఆ అంకె ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారిది. దాన్ని చూసి మనం బెదిరిపోనక్కర్లేదు.

ముందుగా ఏ పనికో తేల్చుకోవాలి

‘జపనీస్ వస్తే మంచి ఉద్యోగం వస్తుంది’ అన్న మాట ఎంత నిజమో అంత అస్పష్టం. ఏ ఉద్యోగమో తేల్చుకోకుండా మొదలుపెట్టినవారు మొదటి రెండు స్థాయుల పరీక్షలు పాసై ఆగిపోతారు. ఆ రెండు ధ్రువపత్రాలకు కార్యాలయాల్లో పెద్దగా విలువ ఉండదు. మన ప్రాంతం వరకు చూస్తే దారులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది సాఫ్ట్‌వేర్. జపాన్ సంస్థలకు ఇక్కడి నుంచి పనిచేసే బృందాలలో ‘బ్రిడ్జ్ ఎస్‌ఈ’ (ఎస్‌ఈ అంటే సిస్టమ్స్ ఇంజినీర్) అనే హోదా ఉంటుంది. జపాన్ వైపు నుంచి వచ్చిన వివరణ పత్రాన్ని చదివి మన ఇంజినీర్లకు అర్థమయ్యేలా చెప్పడం, మన వాళ్ల సందేహాలను తిరిగి అక్కడికి చేర్చడం ఆ హోదాలో ఉన్నవారి పని. ప్రోగ్రామింగ్ బాగా వచ్చి, భాష మధ్యస్థంగా వచ్చినవారికి ఇక్కడ గిరాకీ ఉంటుంది. భాష ఎంత బాగా వచ్చినా పని తెలియకపోతే ఉండదు. రెండవది ఫ్యాక్టరీ. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కొబెల్కో వంటి జపాన్ కంపెనీల కర్మాగారాలున్నాయి. సంగారెడ్డి జిల్లా రుద్రారంలో తోషిబా ట్రాన్స్‌ఫార్మర్ల కర్మాగారం ఉంది. అలాంటి చోట్ల క్వాలిటీ, ప్రొడక్షన్, కొనుగోళ్ల విభాగాల్లో పనిచేసేవారికి జపాన్ నుంచి వచ్చిన ఇంజినీర్లతో రోజూ మాట్లాడే అవసరం పడుతుంది. మూడవది జపాన్‌కే వెళ్లి పనిచేయడం. అక్కడ వృద్ధుల సంఖ్య పెరిగి పనివాళ్లు చాలక, 2019 ఏప్రిల్‌లో ‘తొకుతెయ్ గినో’ అనే నిర్దిష్ట నైపుణ్యాల వీసాను ప్రవేశపెట్టారు. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, నిర్మాణం, హోటళ్లు వంటి రంగాలు అందులో ఉన్నాయి. 2025 ఆగస్టులో భారత ప్రధాని టోక్యో వెళ్లినప్పుడు, రాబోయే ఐదేళ్లలో రెండు దేశాల మధ్య ఐదు లక్షల మంది రాకపోకలు సాగించాలని, అందులో 50 వేల మంది ఇక్కడి నుంచి వెళ్లే నిపుణులై ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. నాలుగవది వ్యాపారం. మన కోస్తా జిల్లాల రొయ్యలు కొనే దేశాలలో జపాన్ ఒకటి. ఎగుమతిదారుడికి జపనీస్ ధారాళంగా రానక్కర్లేదు కానీ, కొనుగోలుదారుడు ప్లాంటు చూడడానికి వచ్చిన రోజున పది వాక్యాలు, ఉత్తరం మొదలుపెట్టే రెండు వాక్యాలు తెలిసి ఉండడం వేరుగా కనబడుతుంది.

ఈ నాలుగింటిలో ఏది మీదో నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. ఏ మాటలు ముందు నేర్చుకోవాలి, ఏ పరీక్ష రాయాలి అనేవి దాన్ని బట్టే తేలతాయి.

ధ్వనులు, లిపి

జపనీస్ అచ్చులు ఐదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. వీటికి దీర్ఘాలు ఉన్నాయి, ఒత్తులూ ఉన్నాయి, వాటిని బట్టి అర్థం మారుతుంది. ‘ఒబసన్’ అంటే పిన్నో అత్తో. ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మో నాయనమ్మో. ‘కితె’ అంటే వచ్చి. ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. ఇంగ్లీషు మాట్లాడేవారు ఈ తేడా వినడానికే నెలలు కష్టపడతారు. ‘గది’కీ ‘గద్దె’కూ, ‘పలక’కూ ‘పాలక’కూ తేడా తెలిసిన చెవికి అది మొదటి రోజే వినబడుతుంది. హిందీలో లేని హ్రస్వ ఎకార ఒకారాలు కూడా మనకు పుట్టుకతోనే ఉన్నాయి.

ఇంకో చిన్న లాభం ఉంది, ఎవరూ చెప్పరు. ‘త్సునామి’లోని ‘త్సు’ ధ్వని విదేశీయులకు కొరుకుడు పడదు. మనం ‘చాప’, ‘చలి’, ‘చుక్క’ అనేటప్పుడు పలికే దంత్య చకారం అదే. ‘చీమ’లోని చకారం వేరు, దానికి సమానమైనదీ జపనీస్‌లో వేరే ఉంది. ఏనుగును వాళ్లు ‘జో’ అంటారు, అందులోని జకారం మన ‘జొన్న’లోనిది, తనను తాను పరిచయం చేసుకోవడాన్ని ‘జికొషోకై’ అంటారు, అందులోని జకారం ‘జిల్లేడు’లోనిది. ఇలా మన మాట ఒకటి పక్కన పెట్టుకుని ప్రతి ధ్వనినీ గుర్తుంచుకోవచ్చు. జాగ్రత్త పడవలసినవీ ఉన్నాయి. ‘ఫు’ అనేటప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలకూడదు, దీపం ఊదినట్లు రెండు పెదవుల మధ్య నుంచి గాలి రావాలి. వాక్యం చివరి ‘దెసు’లో ఉకారం దాదాపు వినబడకుండా ‘దెస్’ అవుతుంది.

లిపులు మూడు. హిరగాన, కతకాన అనేవి రెండూ అక్షరమాలలు, ఒక్కొక్కదానిలో మూల అక్షరాలు 46. వాటి వరుస అ, క, స, త, న, హ, మ, య, ర, వ. చదువుతుంటే ఎక్కడో విన్నట్లు అనిపిస్తే ఆశ్చర్యం లేదు: బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం అభ్యసించిన సిద్ధం లిపి ప్రభావంతో ఏర్పడిన వరుస అది. చకారం స్థానంలో సకారం, పకారం స్థానంలో హకారం ఉన్నాయి, అంతే. జపనీస్ నిఘంటువు తిరగేసేటప్పుడు ఈ వరుస ఎంతో ఉపయోగపడుతుంది. రోజుకు ఒక వర్గం చొప్పున చేత్తో రాస్తే మూడు వారాల్లో రెండు లిపులూ వస్తాయి. ఆ మూడు వారాల్లో ఉచ్చారణను పక్కన తెలుగు లిపిలో రాసుకోవడం తప్పు కాదు. నాలుగో వారం నుంచి మాత్రం ఆ ఊతకర్ర వదిలేయాలి. రోమన్ అక్షరాలను అసలు అలవాటు చేసుకోకపోవడం మేలు.

కతకానలో ఎక్కువగా రాసేది ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న మాటలు. ఇక్కడా మనకు చుట్టరికం కనబడుతుంది. హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటకు చివర అచ్చు చేర్చి మనం ‘బస్సు’, ‘గ్లాసు’, ‘నోటు’ అన్నట్లే వాళ్లు ‘బసు’, ‘గురసు’, ‘నోతొ’ అంటారు.

వ్యాకరణం: మన వాక్యాన్ని అలాగే ఉంచండి

క్రియ వాక్యం చివర వస్తుంది. విభక్తి నామం తరువాత వస్తుంది. ‘టోక్యో నుంచి క్యోటో వరకు’ అనడానికి ‘తోక్యో కర క్యోతొ మదె’ అంటే చాలు. ‘నిన్న కొన్న పుస్తకం’ అన్న మాటను ఇంగ్లీషులోకి మార్చాలంటే పదాలన్నీ తలకిందులు చేయాలి. జపనీస్‌లో ‘కినో కత్త హొన్’, అదే వరుస, మధ్యలో ‘ఏదైతే’ లాంటి మాట కూడా అక్కర్లేదు. ‘వస్తానని చెప్పాడు’లో మన ‘అని’ చేసే పనిని వాళ్ల ‘తొ’ చేస్తుంది: ‘కురు తొ ఇత్త’. ‘తినేశాను’ అన్నప్పుడు పని పూర్తయిపోయిందన్న భావాన్ని, ఒక్కోసారి ‘అయ్యో, తినేశానే’ అన్న పశ్చాత్తాపాన్ని కూడా, ‘తబెతె షిమత్త’ అలాగే పట్టుకుంటుంది. ‘చేసి ఉంచాను’ అనడానికి ‘షితె ఒకు’ ఉంది; ‘ఒకు’ అంటే ఉంచడమే. ప్రశ్నకు మనం ‘వస్తారా’ అని చివర దీర్ఘం తీస్తే వాళ్లు ‘కిమస్ క’ అని చివర ‘క’ చేరుస్తారు. ‘నేను’, ‘నువ్వు’ అనే మాటలు చెప్పకుండానే వాక్యం నడవడం రెండు భాషలకూ సహజం.

అందువల్ల నేను సూచించే అభ్యాసం ఇది. ప్రతి కొత్త ప్రయోగానికి పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు వివరణ చదివిన తరువాత దాన్ని మూసేసి, ఆ వాక్యం మీ ఇంట్లో ఎవరైనా ఎలా అంటారో తెలుగులో రాయండి. పుస్తకభాష వద్దు, మాట్లాడే తెలుగు కావాలి. తరువాత రెండు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి ముక్కకు ముక్క గీతలు గీసి కలపండి. చాలాసార్లు గీతలు ఒకదాన్నొకటి దాటకుండా నిటారుగా దిగుతాయి. ఎక్కడ దాటాయో అక్కడే మీరు నిజంగా నేర్చుకోవలసినది ఉంది.

కొత్తవారిని బాగా ఇబ్బందిపెట్టేవి ‘వ’, ‘గ’ అనే రెండు ప్రత్యయాలు. ఏది ఎక్కడ వాడాలన్న దాని మీద పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి. అందులో ఒక పెద్ద ముక్కను మాత్రం తెలుగు తేల్చేస్తుంది. ‘నాకు చేప ఇష్టం’ అని మనం అంటాం. ఇంగ్లీషు మీదుగా వెళితే ‘నేను చేపను ఇష్టపడతాను’ అవుతుంది, దాంతో విద్యార్థి ‘చేపను’ అన్నచోట కర్మ విభక్తి ‘ఒ’ పెట్టి తప్పు చేస్తాడు. సరైనది ‘వతషి వ సకన గ సుకి దెస్’. ‘నాకు’ స్థానంలో ‘వతషి వ’, ‘చేప’ పక్కన ‘గ’. నాకు ఇష్టం, నాకు కావాలి, నాకు అర్థమవుతుంది, నాకు వచ్చు అని ‘నాకు’తో మొదలయ్యే ఇలాంటి వాక్యాలన్నిటికీ ఇదే అచ్చు సరిపోతుంది. ‘ఏనుగుకు తొండం పొడుగు’ అనడానికి ‘జో వ హన గ నగై’ అంటారు. ఈ ఒక్క సంగతి నాకు మొదటి సంవత్సరమే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్నో ఎర్ర గీతలు తప్పేవి.

తెలుగు సాయం చేయని చోట్లూ ఉన్నాయి. ఇవ్వడం, పుచ్చుకోవడం అనే క్రియలు జపనీస్‌లో మూడు: నేను ఇతరులకు ఇస్తే ‘అగెరు’, ఇతరులు నాకు ఇస్తే ‘కురెరు’, నేను పుచ్చుకుంటే ‘మొరౌ’. ఎవరు ఎవరికి మేలు చేశారన్నది వీటితోనే తెలుస్తుంది. ఇక లెక్కపెట్టడంలో మనకు ‘ముగ్గురు మనుషులు’, ‘మూడు పుస్తకాలు’ అనే ఒక్క తేడాయే ఉంది. వాళ్లు పొడుగాటి వస్తువులకు ఒకటి, పలుచని వాటికి ఒకటి, యంత్రాలకు ఒకటి, పుస్తకాలకు ఒకటి వాడతారు. ఇది బట్టీయే, అడ్డదారి లేదు.

చిత్రలిపి

మూడో లిపి కంజి. జపాన్ ప్రభుత్వం నిత్య వ్యవహారానికి నిర్ణయించిన కంజీలు 2,136. అక్కడి పిల్లలు ప్రాథమిక పాఠశాలలో 1,026 నేర్చుకుంటారు. అసలు కాలమంతా తినేది ఇదే, ఎక్కువమంది మానేసేదీ ఇక్కడే.

మానేయడానికి ముఖ్య కారణం ఒకే కంజిని రెండు మూడు రకాలుగా చదవవలసి రావడం. నీటిని సూచించే కంజి ఒంటరిగా ఉంటే ‘మిజు’. అదే సమాసంలోకి వెళితే ‘సుయ్’. ఎందుకిలా అని విద్యార్థులు విసుక్కుంటారు. వాళ్లను నేను అడిగేది ఒక్కటే: మనం దాహానికి ‘జలం ఇవ్వండి’ అంటామా? ‘నీళ్లు ఇవ్వండి’ అంటాం. మరి నాగార్జున సాగర్ దగ్గరికి వెళితే ‘నీటిశక్తి కేంద్రం’ అంటామా, ‘జలవిద్యుత్ కేంద్రం’ అంటామా? ఇంటి మాట ‘నీరు’, సమాసంలో సంస్కృతం నుంచి వచ్చిన ‘జల’. వాళ్ల ఇంటి మాట ‘మిజు’, చైనా నుంచి వచ్చినది ‘సుయ్’. జలశక్తికి వాళ్ల మాట ‘సుయ్‌ర్యొకు’, నీటి కంజి పక్కన శక్తి కంజి. దేశ్యానికీ తత్సమానికీ ఉన్న ఈ సంబంధం మనసుకు పడితే రెండు పఠనాలు భారం అనిపించవు. ఒంటరిగా ఉంటే దేశ్యం, జంటగా ఉంటే తత్సమం అన్న అంచనాతో చదివితే ఎక్కువసార్లు సరిపోతుంది. మినహాయింపులు ఉన్నాయి, మన భాషలో ‘నీటిపారుదల’ ఉన్నట్లే.

కాబట్టి కంజీలను విడివిడిగా పట్టీ వేసి చదవవద్దు, మాటలుగా చదవండి. విద్యుత్తును సూచించే ‘దెన్’ ఒక్కటి పట్టుకుంటే ‘దెన్ష’ రైలు, ‘దెన్వ’ ఫోన్, ‘దెంకి’ కరెంటు వెంట వస్తాయి. చెట్టు బొమ్మ ఒకటి ఉంటే చెట్టు, రెండు ఉంటే తోపు, మూడు ఉంటే అడవి; చెట్టు పక్కన మనిషి ఉంటే విశ్రాంతి. మొదటి మూడు వందలు చేత్తో రాయండి, గీతల వరుస తప్పకుండా. ఆ తరువాత కంప్యూటర్ మీద టైపు చేయగలిగితే, చూసి గుర్తుపట్టగలిగితే చాలు. పునశ్చరణకు ఫోనులో కార్డుల యాప్ ఏదైనా పెట్టుకోండి, రోజుకు పది కొత్త మాటలకు మించి పెట్టుకోవద్దు. ఉత్సాహంగా ముప్పై పెట్టుకున్నవారి యాప్ రెండు నెలల తరువాత వందల బాకీలు చూపిస్తుంది, అప్పుడు దాన్ని తెరవడమే మానేస్తారు.

పరీక్ష ఎంతవరకు

అందరూ అడిగేది జేఎల్‌పీటీ, అంటే జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష. 1984లో మొదలైన ఈ పరీక్షను ఏటా జులై, డిసెంబర్ నెలల మొదటి ఆదివారాల్లో నిర్వహిస్తారు. 2010 నుంచి దీనిలో ఎన్5 నుంచి ఎన్1 వరకు ఐదు స్థాయులున్నాయి, ఎన్1 అన్నిటికన్నా కఠినమైనది. దరఖాస్తుల గడువు పరీక్షకు నెలల ముందే ముగుస్తుంది, పెద్ద నగరాల్లో సీట్లు త్వరగా నిండిపోతాయి. కాబట్టి చెన్నై, బెంగళూరు సహా మీకు వీలయ్యే కేంద్రాల ప్రకటనలను ముందునుంచే గమనిస్తూ ఉండాలి. మొత్తం మార్కులు 180. ఎన్3కి 95 వస్తే చాలు కానీ, మూడు భాగాల్లో ప్రతిదానిలోనూ 60కి కనీసం 19 రావాలి. వినికిడి భాగంలో 18 వచ్చి, మిగిలినవాటిలో ఎంత వచ్చినా తప్పినట్లే. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే, ఎందుకంటే ఇంట్లో చదవడం సులువు, వినడానికి చెవి ఖాళీగా పెట్టడం కష్టం.

నా అభిప్రాయంలో ఎన్5కు విడిగా డబ్బు కట్టి రాయనక్కర్లేదు. ఎన్4 మాత్రం తొకుతెయ్ గినో వీసాకు వెళ్లేవారికి అవసరం. దాని బదులు జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ జపాన్ ఫౌండేషన్ కంప్యూటర్ మీద నిర్వహించే జేఎఫ్‌టీ బేసిక్ పరీక్ష అయినా సరిపోతుంది. వృద్ధుల సంరక్షణకు వెళ్లేవారు దీనితోపాటు ఆ రంగపు భాషకు సంబంధించిన ఇంకో పరీక్ష రాయాలి. ఆఫీసు పనికి ఎన్3 దగ్గర తలుపు కాస్త తెరుచుకుంటుంది, ఎన్2 దగ్గర పూర్తిగా తెరుచుకుంటుంది. ఉన్నత నిపుణుల వీసాకు కావలసిన 70 పాయింట్లలో ఎన్2కు 10, ఎన్1కు 15 పాయింట్లు ఇస్తారు. ఉద్యోగం చేస్తూ రోజుకు గంటన్నర కేటాయించగలిగినవారు ఎన్3కి రెండేళ్లు పెట్టుకోవడం సమంజసం. ఆరు నెలల్లో ఎన్3 అని ప్రకటనలు ఇచ్చే శిక్షణ కేంద్రాలను నమ్మవద్దు.

ఈ పరీక్షలో మాట్లాడించరు, రాయించరు, నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించమంటారు. అందుకే ఎన్2 ధ్రువపత్రం చేతిలో ఉండి కూడా ఇంటర్వ్యూలో నోరు పెగలనివారు కనిపిస్తారు. మొదటి నెల నుంచే రోజుకు పది నిమిషాలు బిగ్గరగా చదవండి, వారానికోసారి రెండు నిమిషాల జికొషోకై రికార్డు చేసి మీరే వినండి. వినడం ఇబ్బందిగా ఉంటుంది. అయినా వినాలి.

గురువు కావాలంటే హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో జపనీస్ బోధన ఉంది. విదేశాల్లో పనికి వెళ్లేవారి కోసం తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్ నైపుణ్యాభివృద్ధి సంస్థ ఇచ్చే ప్రకటనలు చూస్తూ ఉండాలి. ఊళ్లో తరగతులు లేనివారికి జపాన్ ఫౌండేషన్, జపాన్ ప్రజా ప్రసార సంస్థకు చెందిన ఎన్‌హెచ్‌కే వరల్డ్ తమ వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంచిన పాఠాలు మొదటి ఏడాదికి చాలు.

వృత్తి మాటలు

పాఠ్యపుస్తకం యాపిల్, పిల్లి, పార్కుతో మొదలవుతుంది. ఆఫీసులో మొదటి రోజు వినబడేవి వేరు. సాఫ్ట్‌వేర్‌లో ‘షియోషొ’ అంటే ఏం చేయాలో చెప్పే వివరణ పత్రం, ‘ఫుగుఆయ్’ అంటే లోపం, ‘నోకి’ అంటే అప్పగించవలసిన గడువు, ‘మిత్సుమొరి’ అంటే అంచనా, ‘గిజిరొకు’ అంటే సమావేశపు నమోదు, ‘కకునిన్’ అంటే సరిచూసుకోవడం. చివరి మాట రోజుకు ఇరవైసార్లు వింటారు. ఫ్యాక్టరీలో ‘గెంబ’ అంటే పని జరిగే చోటు. ‘కైజెన్’ (నిరంతర మెరుగుదల), ‘కన్‌బన్’ (ఏది ఎప్పుడు ఎంత కావాలో తెలిపే కార్డుల పద్ధతి) మన షాప్‌ఫ్లోర్లలో ఇప్పటికే తిరుగుతున్న మాటలు. పనిచోటును చక్కగా ఉంచుకునే పద్ధతి అయిన 5ఎస్ అనేది సెయ్‌రి, సెయ్‌తొన్, సెయ్‌సో, సెయ్‌కెత్సు, షిత్సుకె అనే అయిదు మాటల మొదటి అక్షరం. ఇలాంటివి ఒక వంద మాటలు ఏరుకుని ఎన్4 దశలోనే నేర్చుకోవచ్చు, పరీక్షలో రాకపోయినా. అన్నిటికీ మించి తెలియవలసినది ‘హోరెన్‌సో’: హోకొకు, రెన్‌రకు, సోదన్, అంటే నివేదించు, తెలియజేయి, సంప్రదించు. పాలకూరను కూడా హోరెన్‌సో అనే అంటారు, అందుకే మరిచిపోలేం. పని పూర్తయ్యాక చెబుదాంలే అని మనం ఊరుకుంటాం, వాళ్లు సగంలో చెప్పనందుకు నొచ్చుకుంటారు.

డబ్బు లెక్కల్లో మళ్లీ ఇంగ్లీషును పక్కన పెట్టండి. వాళ్లు వెయ్యి తరువాత పదివేలను ‘మన్’ అని ఒక గుంపుగా లెక్కిస్తారు. ‘జూమన్’ అంటే లక్ష, ‘హ్యకుమన్’ అంటే పది లక్షలు, ‘సెన్‌మన్’ అంటే కోటి, ‘ఇచిఒకు’ అంటే పది కోట్లు. మిలియన్లలోకి మార్చి తిరిగి లక్షల్లోకి మార్చబోయి సున్నా పోగొట్టుకున్న అంచనా పత్రాలు నేను చూశాను. నేరుగా మారిస్తే ఆ ప్రమాదం లేదు. వాళ్ల ఆర్థిక సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి వరకు. టోక్యో గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది, కాబట్టి వాళ్ల ఉదయం తొమ్మిది గంటల సమావేశం మనకు తెల్లవారుజామున అయిదున్నర.

మర్యాద

గౌరవ వాచకాలను ‘కెయ్‌గొ’ అంటారు. ఇందులోనూ తెలుగువారికి పరిచయమైనదే ఎక్కువ. ‘చెప్పు’ అనే క్రియ పెద్దల విషయంలో ‘ఒష్షరు’ అవుతుంది, మన ‘సెలవిచ్చారు’. తన విషయంలో ‘మోసు’ అవుతుంది, మన ‘మనవి చేశాను’. ‘ఇరష్షరు’ అంటే విచ్చేయడం. పాత తెలుగులో ఈ జంటలు ఇంకా బతికే ఉన్నాయి కనుక అర్థం కావడం కష్టం కాదు. ఎవరి గురించి ఏది వాడాలన్న చోటే కాలు జారుతుంది.

నాకు జరిగింది చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక క్లయింటు ఫోన్ చేసి మా విభాగాధిపతి నిర్ణయం ఏమిటని అడిగారు. ఆయన పేరు పక్కన ‘సన్’ చేర్చి, ‘ఒష్షైమషిత’ అని, అంటే ‘ఫలానా గారు ఇలా సెలవిచ్చారు’ అని, ఎంతో వినయంగా చెప్పాను. అవతల క్షణం నిశ్శబ్దం. పక్క సీట్లో ఉన్న జపనీస్ సహోద్యోగి తరువాత మెల్లగా వివరించాడు: బయటివారితో మాట్లాడేటప్పుడు మన కంపెనీ మనిషి ఎంత పెద్దవాడైనా మన ఇంటివాడే, అతని పేరుకు ‘సన్’ తగిలించకూడదు, ‘మోషితె ఒరిమషిత’ అని తగ్గించే చెప్పాలి. ‘మా మేనేజర్ గారు చెప్పారండీ’ అనకపోతే అమర్యాద అని పెరిగిన మనకు ఇది మింగుడు పడదు. మా ఇంట్లో ఒకసారి అమ్మతో ఈ సంగతి చెబితే, ‘పెద్దాయన్ని పేరుపెట్టి పిలిచావా?’ అని అడిగింది.

‘లేదు’ అన్న మాట వాళ్లు నోరారా అనరు. ‘కెంతో షిమస్’, అంటే ఆలోచిస్తాం, అన్నారంటే చాలాసార్లు అది మన ‘చూద్దాం లెండి’. ‘ముజుకషీ దెస్ నె’, కొంచెం కష్టమండీ, అన్నారంటే అది దాదాపు కాదనే. అప్పు అడిగిన బంధువుకు మనం ఎలా జవాబు చెబుతామో గుర్తుచేసుకుంటే ఇది పట్టుబడుతుంది.

ఉత్తరాలకు అచ్చు ఒకటి ఉంది, కొత్తగా కల్పించనక్కర్లేదు. ‘ఒసెవ ని నత్తె ఒరిమస్’, మీ ఆదరణకు కృతజ్ఞులం, అని మొదలుపెట్టాలి. విషయం రెండు మూడు పొట్టి వాక్యాల్లో చెప్పాలి. ‘యొరొషికు ఒనెగై ఇతషిమస్’, మీ సహకారం కోరుతున్నాం, అని ముగించాలి. మీకు వచ్చిన మంచి ఉత్తరాలను ఒక ఫోల్డర్‌లో దాచుకుని వాటి వాక్యాలనే వాడుకోండి. ఆఫీసు భాషలో సొంత కవిత్వానికి విలువ లేదు.

వెళ్లేముందు

జపాన్ వెళ్లడానికి డబ్బు తీసుకుని పంపుతామనేవారు మన జిల్లా కేంద్రాలలో కూడా బోర్డులు పెడుతున్నారు. పని కోసం పంపే సంస్థ భారత ప్రభుత్వం వద్ద నమోదైన రిక్రూటింగ్ ఏజెంటో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. చూడకుండా రూపాయి ఇవ్వవద్దు. తొకుతెయ్ గినో మొదటి రకం వీసా మీద సాధారణంగా మొత్తం అయిదేళ్ల వరకే ఉండగలరు, కుటుంబాన్ని తీసుకువెళ్లలేరు. ఈ సంగతి సంతకానికి ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. భాషా పాఠశాలలో చేరే విద్యార్థి వీసా మీద వెళ్లేవారికి అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల పనే దొరుకుతుంది. ఆ సంపాదనతో ఫీజూ అద్దే కాక ఇక్కడ చేసిన అప్పు కూడా తీరుతుందని ఎవరైనా లెక్క చూపిస్తే, ఆ కాగితం మీద వాళ్ల సంతకం అడగండి. డిగ్రీ ఉన్న ఇంజినీరుకు ‘ఇంజినీరు, నిపుణుల వీసా’ అనే దారి దీనికన్నా మెరుగు, దానికి ముందుగా అక్కడి కంపెనీ నుంచి ఉద్యోగపు ఒప్పందం కావాలి.

ఇంటర్వ్యూ ఖరారైన తరువాత మిగిలిన రోజుల్లో కొత్త కంజీలు మొదలుపెట్టవద్దు. మీరు చేసిన ఒక ప్రాజెక్టును, లేదా నడిపిన ఒక యంత్రాన్ని ఎంచుకుని, అది ఏమిటి, అందులో ఏ ఇబ్బంది వచ్చింది, మీరు ఏం చేశారు అనే మూడు సంగతులను ముందు ఇంట్లోవాళ్లకు చెప్పినట్లు తెలుగులో పది వాక్యాలుగా రాయండి. వాటిని అదే వరుసలో జపనీస్‌లోకి దించండి. మీ గురువు చేత దిద్దించి, కాగితం చూడకుండా చెప్పగలిగే దాకా రోజూ రెండు పూటలా చెప్పండి. అడిగే ప్రశ్నలు ఎక్కువగా ఆ పది వాక్యాల చుట్టూనే తిరుగుతాయి. అర్థం కాని ప్రశ్న వస్తే తల ఊపవద్దు, ‘మో ఇచిదొ ఒనెగై షిమస్’, ఇంకొక్కసారి చెప్పండి, అని అడగండి.